తుంటి పక్క నొప్పి – షాక్‌వేవ్ చికిత్స

రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే తుంటి బయటివైపు పోటు, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి, కొంతసేపు కూర్చుని లేవగానే నాలుగడుగులు కుంటవలసి రావడం – ఈ లక్షణాలతో నా వద్దకు వచ్చేవారిలో నలభై దాటిన స్త్రీలే ఎక్కువ. అనేకులు తమకు గృధ్రసీ వాతం, అనగా సయాటికా, ఉన్నదని ముందే నిశ్చయించుకొని వస్తారు. వారిని తప్పుపట్టలేను. కొన్నేళ్ల క్రితం ముమ్మిడివరంలో, మా ఇంట్లోనే, నేనూ ఆ పొరపాటు చేశాను.

నా సహధర్మచారిణికి ఈ నొప్పి వచ్చినప్పుడు గృధ్రసిగా భావించి, మూడు నెలలు తైలంతో ఆ చోటనే గట్టిగా మర్దనం చేయించాను. నొప్పి తగ్గకపోగా ఆమెకు నిద్ర కరువైంది. వ్యాధికి పేరు పెట్టే ముందు రోగి చూపిన చోటును వేలితో తాకి చూడవలెనని గురుకులంలో నేర్చిన పాఠాన్ని మరచితిని.

వ్యాధి స్వరూపం

తొడ ఎముక పైభాగాన, తుంటి పక్కన, చేతికి తగిలే బొడిపె ఒకటి ఉంది. నడిచేటప్పుడు కటిభాగం ఒక పక్కకు ఒరిగిపోకుండా నిలిపే పిరుదు కండరాల స్నాయువులు దానికే అతుక్కొని ఉంటాయి. అవి బొడిపెకు పదే పదే నొక్కుకుంటూ, శక్తికి మించిన భారం మోస్తూ ఉంటే క్రమంగా దెబ్బతింటాయి. గృధ్రసిలో నొప్పి పిరుదు నుండి కాలి వెంట మోకాలి కిందికి పాకుతుంది. తిమ్మిరి కూడా ఉండవచ్చు. ఇందులో బొడిపెపై నొక్కితే నొప్పి. తొడ పక్కగా దిగినా సాధారణంగా మోకాలు దాటదు. మన శాస్త్రంలో చెప్పిన స్నాయుగత వాతానికి ఇది దగ్గరగా ఉంటుంది.

షాక్‌వేవ్ అనగా ఏమి?

పేరులో షాక్ ఉన్నా ఇందులో కరెంటు షాకు లేదు. ఇవి శబ్దం వలె ప్రయాణించే బలమైన పీడన తరంగాలు. 1980లో జర్మనీలోని మ్యూనిచ్ నగరంలో వీటితో తొలిసారి ఒక రోగి మూత్రపిండంలోని రాయిని కోత లేకుండా పగులగొట్టారు. తరువాత తక్కువ శక్తితో మొండి స్నాయువు నొప్పులకు వాడసాగారు. చర్మంపై జెల్ రాసి, యంత్రపు పిడిని ఆనించి, ఒక్కో విడతలో సుమారు 2,000 తాకిళ్లు ఇస్తారు. సాధారణంగా వారానికొకటి చొప్పున మూడు విడతలు. మత్తు అవసరం లేదు. ఎర్రదనం, కొద్దిపాటి కమిలిన మచ్చ రావచ్చు.

ఫలితం ఎప్పుడు?

2009లో రోంపే అనే జర్మన్ వైద్యుడు, ఆయన సహచరులు 229 మందిపై స్టెరాయిడ్ ఇంజెక్షనును, షాక్‌వేవును, ఇంటి వ్యాయామాన్ని పోల్చి ప్రచురించారు. నెల రోజులకు మేలు పొందినవారు ఇంజెక్షనుతో 75 శాతం, షాక్‌వేవుతో 13, వ్యాయామంతో 7. నాలుగు నెలలకు షాక్‌వేవుతో 68, ఇంజెక్షనుతో 51, వ్యాయామంతో 41. పదిహేను నెలలకు వ్యాయామంతో 80, షాక్‌వేవుతో 74, ఇంజెక్షనుతో 48. త్వరగా వచ్చిన సుఖం త్వరగానే తరిగింది. ఓర్పుతో చేసినది నిలిచింది.

పట్నంలోని ఎముకల వైద్యుని సలహాపై మా ఇంట్లోనూ ఈ చికిత్స జరిగింది. మొదటి నెలలో, “ఏమండీ, ఈ యంత్రం కూడా మీ తైలం వంటిదేనండీ” అని ఆమె నన్ను దెప్పింది. వ్యాయామం మానకుండా చేయగా నాలుగో నెలకు ఆ పక్కన నిద్రించగలిగింది.

ఇంట్లో చేయవలసినవి

పొయ్యి ముందు ఒకే కాలిపై బరువు వేసి నిలబడరాదు. కాలుమీద కాలు వేసి కూర్చోరాదు. బిడ్డను ఎప్పుడూ ఒకే చంకన మోయరాదు. నొప్పి లేని పక్కకు తిరిగి, మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొని పడుకోవలెను. వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పిరుదులను మెల్లగా పైకెత్తి దింపడం రోజుకు పదిసార్లతో ఆరంభించి, నొప్పి పెరగకుండా క్రమంగా పెంచవచ్చు. వావిలాకు కాచిన నీటితో గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. అయితే స్నాయువుకు బలమిచ్చేది వ్యాయామమే. బొడిపెపై గట్టిగా రుద్దరాదు.

జాగ్రత్తలు

గర్భిణులు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, ఆ చోట చీము గాని కంతి గాని ఉన్నవారు షాక్‌వేవ్ చేయించుకోరాదు. కిందపడిన తరువాత నొప్పి వచ్చినా, జ్వరం ఉన్నా, కాలు మోపలేకపోయినా, గజ్జల్లో నొప్పి ఉన్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యునికి చూపించవలెను. మిగిలినవారు మూడు నెలలు నియమంగా వ్యాయామం చేసి, అప్పటికీ తగ్గకపోతే షాక్‌వేవ్ గురించి ఆలోచించడం ఉచితం.