విదేశయాత్రలో ల్యాప్‌టాపునకు అంతర్జాలము



బిడ్డలను, మనుమలను జూచుటకై విదేశములకుఁ బోవు పెద్దలు నేడు మన గ్రామములలోఁ బెక్కుమంది కలరు. కొందఱు ల్యాప్‌టాపును గూడ వెంటఁ గొనిపోవుదురు. బిడ్డల యింట నున్నంతవఱకుఁ జిక్కు లేదు. ఊరూరు తిరుగునపుడు దానికి అంతర్జాల మెట్లు లభించును? తెలియక వాడినచో మోయలేని బిల్లు మీఁదఁ బడవచ్చును. కావున ఐరోపా యాత్ర నుదాహరణముగాఁ గొని యీ విషయమును మనవి చేసెదను.

మన కాలువ నీటికి మనము నిర్ణీతమైన తీరువ చెల్లింతుము. పొరుగు ఆయకట్టు నీరు పెట్టుకొన్నచో వారడిగిన వెల యీయవలసినదే. మన సిమ్ము జర్మనీలోఁ బనిచేయుటయు నిట్టిదే. అది యచ్చటి కంపెనీ టవర్లను వాడుకొనును. దీనికే రోమింగు అని పేరు. కొలఁది దినముల యాత్రయైనచో, బయలుదేరకముందే మన కంపెనీవద్ద రోమింగు ప్యాకు కొనుట సులభము.

నెలలతరబడి యుండువారు అచ్చటి సిమ్మునే కొనుట మేలు. జర్మనీలో 2017 జులై 1 నుండి, ప్రీపెయిడ్ సిమ్మునకైనను గుర్తింపుపత్రము చూపిననే కాని అది పనిచేయదు. కావున పాస్‌పోర్టు దగ్గఱ నుండవలెను. ఐరోపా సమాఖ్యలో 2017 జూన్ 15 నుండి మఱొక సౌకర్యము కలదు. ఒక సభ్యదేశపు సిమ్మును మఱొక సభ్యదేశమున మితముగా వాడుకొన్నచో అదనపు రుసుము లేదు. ఈ యేర్పాటును 2022లో మఱి పదేండ్లు పొడిగించిరి. జర్మనీలోఁ గొన్న సిమ్ము ఫ్రాన్సులోను, ఇటలీలోను నిట్లే చెల్లును. కాని నడుమనున్న స్విట్జర్లాండు ఆ సమాఖ్యలోనిది కాదు. రైలు సరిహద్దు దాఁటఁగనే ఫోను తనంతట తానే యచ్చటి టవరును బట్టుకొనవచ్చును. తమ ప్యాకులో నా దేశము కలదో లేదో ముందే విచారింపవలెను.

ఇఁక ల్యాప్‌టాపు మాట. పెక్కింటిలో సిమ్ము పెట్టు తావుండదు. ఫోనులోని హాట్‌స్పాటును దెఱచినచో, పెద్దకాలువ నుండి బోదెకు నీరు పాఱినట్లు, ఫోనునుండి ల్యాప్‌టాపునకు అంతర్జాలము ప్రవహించును. దానికి సంకేతపదము పెట్టనిచో దారిన పోవువారు గూడఁ దోడుకొందురు.

ఇందొక చిక్కు కలదు. ల్యాప్‌టాపు దీనిని ఇంటి వైఫై యని తలఁచి, మన మడుగకయే అప్‌డేట్లు దింపుకొనును, ఫోటోలను బైకెక్కించును. ఇట్లు ప్యాకు ఒక్కపూఁటలో నింకిపోవచ్చును. విండోసులో ‘మీటర్డ్ కనెక్షన్’ అను ఏర్పాటును నిలిపినచో నీ వ్యయము చాలవఱకుఁ దగ్గును. స్పష్టమైన చలనచిత్రము గంటసేపు చూచినను రెండు మూఁడు గిగాబైట్లు ఖర్చగును.

క్రొత్త సిమ్ము వచ్చినదని పాతదానిని దీసి పాఱవేయరాదు. బ్యాంకువారి ఓటీపీ దానికే వచ్చును. రెండు సిమ్ముల ఫోనైనచో రెండవ తావున దాని నుంచి, డేటా రోమింగును మాత్రమే కట్టివేయవలెను. విదేశమున సందేశములు వచ్చుటకుఁ దగిన రీఛార్జిని ఇచ్చటనే చేయించుకొనవలెను.

పయనమునకు వారము ముందే, మన యరుగుమీఁదఁ గూర్చుండి, ఫోనును ల్యాప్‌టాపునకుఁ గలిపి చూచుకొనుఁడు. ఇచ్చట స్వయముగా నొకమాఱు చేసినవారికి పరదేశపు రైలులో నొరుల సాయము వేఁడవలసిన పని యుండదు.