స్వయంచాలక లాగిన్

స్వయంచాలక లాగిన్ అనగా కంప్యూటరును ఆన్ చేసినప్పుడు వాడుకరి పేరు, సంకేతపదం అడగకుండానే నేరుగా డెస్క్‌టాప్ తెరుచుకొనుట. సంకేతపదాన్నే వాడుకలో పాస్‌వర్డ్ అంటారు. ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో లాగిన్ తెర ఒక్కసారిగా కనబడకుండా పోయినప్పుడు వైరస్ సోకిందనో, యంత్రం చెడిపోయిందనో అనుకోవడం సహజం. సాధారణంగా ఇది లోపం కాదు. ఎవరో, ఎప్పుడో చేసిన ఒక అమరికను కంప్యూటరు పాటిస్తున్నదని అర్థం. అందువలన విండోస్‌ను తిరిగి స్థాపించవలసిన అవసరం లేదు. ఆ అమరిక ఏదో గుర్తించి మార్చితే సరిపోతుంది.

కారణాలు

లాగిన్ తెర కనబడకపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు కలవు.

1. సంకేతపదం లేని ఖాతా: కంప్యూటరులో ఒకే ఖాతా ఉండి, దానికి సంకేతపదం లేకపోతే అడగవలసినది ఏమీ ఉండదు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌లో, స్థాపన సమయంలో ఇంటిలోని వారి పేర్లు ఇస్తే సంకేతపదం లేకుండానే ఖాతాలు ఏర్పడేవి. తరువాతి విండోస్‌లలో కూడా స్థానిక ఖాతాకు సంకేతపదం ఇవ్వకుండా వదిలివేయవచ్చు.

2. దాచిన సంకేతపదం: ఖాతాకు సంకేతపదం ఉన్నప్పటికీ, దానిని కంప్యూటరులోనే భద్రపరచి, ప్రతిసారీ వాడుకరికి బదులుగా విండోసే దానిని సమర్పించేటట్లు అమర్చవచ్చు. మరమ్మతు చేసేవారు యంత్రాన్ని పలుమార్లు రీస్టార్ట్ చేయవలసి ఉంటుంది కనుక, సౌలభ్యం కోసం ఈ అమరిక చేసి, తిరిగి తీయడం మరచిపోయే అవకాశం ఉన్నది.

3. నిద్ర స్థితి: కంప్యూటరును షట్ డౌన్ చేయకుండా స్లీప్ స్థితిలో ఉంచి, తిరిగి మేల్కొలిపినప్పుడు సంకేతపదం అడగకుండా చేసే అమరిక వేరుగా ఉన్నది. ఇది స్టార్టప్‌కు సంబంధించినది కాదు. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచేవారు ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తుంటారు.

విండోస్ 8 నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ దీనికి కారణం కాదు. ఆ పద్ధతిలో విండోస్ మూలభాగం మాత్రమే డిస్కులో భద్రపడుతుంది. వాడుకరి మాత్రం షట్ డౌన్ సమయంలోనే లాగవుట్ అవుతాడు.

కారణాన్ని గుర్తించుట

విండోస్ మీటను, ఎల్ మీటను కలిపి నొక్కితే కంప్యూటరుకు తాళం పడుతుంది. ఇప్పుడు తిరిగి లోనికి వెళ్ళడానికి ప్రయత్నించాలి. ఏమీ అడగకుండా తెరుచుకుంటే ఖాతాకు సంకేతపదం లేదని అర్థం. సంకేతపదం అడిగితే ఖాతాకు సంకేతపదం ఉన్నదని, స్టార్టప్‌లో దానిని విండోసే సమర్పిస్తున్నదని తెలుసుకోవచ్చు. పూర్తిగా ఆపి ఆన్ చేసినప్పుడు తెర వచ్చి, నిద్ర నుండి లేచినప్పుడు మాత్రమే రాకపోతే కారణం మూడవది.

సరిచేయు విధానం

దాచిన సంకేతపదం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఏళ్ళ తరబడి టైపు చేయనందున అసలు సంకేతపదం ఇంటిలో ఎవరికీ గుర్తుండకపోవచ్చు. అది తెలియకుండా స్వయంచాలక లాగిన్‌ను తొలగిస్తే యజమానియే బయట ఉండిపోతాడు. కనుక పైన చెప్పినట్లు తాళం వేసి పరీక్షించడానికి ముందే, తెరిచి ఉన్న ఫైళ్ళను సేవ్ చేసుకోవాలి, ముఖ్యమైన వాటి నకలును పెన్ డ్రైవ్‌లోనో మరొక డిస్కులోనో ఉంచుకోవాలి.

సంకేతపదం లేని ఖాతాకు విండోస్ 10, 11లలో సెట్టింగ్స్, అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్ అనే వరుసలో వెళ్ళి కొత్త సంకేతపదాన్ని ఏర్పరచవచ్చు. నిద్ర నుండి లేచినప్పుడు అడిగే అమరిక కూడా అదే పుటలో ఉంటుంది.

దాచిన సంకేతపదాన్ని తొలగించడానికి విండోస్, ఆర్ మీటలను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యు, ఐ, జడ్ అనే ఎనిమిది ఆంగ్ల అక్షరాలను వరుసగా టైపు చేసి ఎంటర్ నొక్కాలి. తెరుచుకున్న కిటికీలో, వాడుకరులు పేరు, సంకేతపదం తప్పక ఇవ్వాలనే గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాలి. 2020 మేలో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుండి కొన్ని కంప్యూటర్లలో ఈ గడి కనబడదు. సైన్-ఇన్ ఆప్షన్స్‌లో విండోస్ హలోను మాత్రమే అనుమతించే అమరికను ఆపితే ఆ గడి తిరిగి వస్తుంది.

రిజిస్ట్రీలోని విన్‌లాగాన్ విభాగంలో ఆటోఅడ్మిన్‌లాగాన్ అనే విలువ 1గా ఉంటే స్వయంచాలక లాగిన్ పనిచేస్తుంది, 0గా మార్చితే ఆగుతుంది. దీనిని చేతితో అమర్చినచోట డిఫాల్ట్‌పాస్‌వర్డ్ అనే విలువలో సంకేతపదం ఏ మరుగూ లేకుండా మామూలు అక్షరాలలోనే ఉంటుంది. ఆ విలువను తొలగించి, సంకేతపదాన్ని కూడా మార్చుకోవడం మంచిది.

ఉబుంటు లినక్స్‌లో సెట్టింగ్స్‌లోని వాడుకరుల విభాగంలో స్వయంచాలక లాగిన్‌ను ఆపవచ్చు. ఆపిల్ మాక్‌లో ఫైల్‌వాల్ట్ అనే గుప్తీకరణను ప్రారంభిస్తే స్వయంచాలక లాగిన్ దానంతట అదే రద్దవుతుంది.

కృష్ణా డెల్టాలో

ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలకు ప్రసిద్ధి చెందిన విజయవాడ తెలుగు ప్రచురణ రంగానికి ముఖ్య కేంద్రం. డీటీపీ పని ఇంటిలోనే చేసేవారి కంప్యూటరులో ఇతరుల రచనలు అచ్చుకు ముందే ఉంటాయి. అటువంటి యంత్రాలలో మరొక చిక్కు కూడా కలదు. కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు ఆంగ్ల సంకేతపదం టైపు చేస్తే తెలుగు అక్షరాలు పడి, సంకేతపదం తప్పని వస్తుంది. లాగిన్ తెర మూలన ఉన్న భాష గుర్తును ముందుగా చూసుకోవాలి.

తుపానుల సమయంలో ఈ ప్రాంతంలో కరెంటు పోయి వస్తుండటం తెలిసినదే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ అయ్యే అమరిక చాలా డెస్క్‌టాప్ కంప్యూటర్ల బయోస్‌లో ఉంటుంది. దీనికి స్వయంచాలక లాగిన్ తోడైతే, ఎవరూ లేని గదిలో కంప్యూటరు డెస్క్‌టాప్ వరకు తెరుచుకొని ఉంటుంది.

పరిమితులు

లాగిన్ తెర తలుపుకు వేసిన గడియ వంటిది, ఇనప్పెట్టె వంటిది కాదు. హార్డు డిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే, గుప్తీకరించని ఫైళ్ళను సంకేతపదం లేకుండానే చదవవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని అజిత్ సింగ్ నగర్, పాయకాపురం వంటి ప్రాంతాలను ముంచెత్తింది. అటువంటి వరదలో తడిసిన కంప్యూటరు నుండి సమాచారాన్ని వెలికితీసేది ఈ పద్ధతిలోనే. యజమానికి మేలు చేసే ఈ మార్గమే దొంగకూ ఉపయోగపడుతుంది. విండోస్‌లోని బిట్‌లాకర్ వంటి గుప్తీకరణ దొంగను అడ్డుకుంటుంది. అయితే రికవరీ కీ పోగొట్టుకుంటే యజమానికి కూడా ఫైళ్ళు దక్కవు. కనుక దానిని కాగితంపై వ్రాసి, కంప్యూటరుకు దూరంగా భద్రపరచుకోవాలి.

చట్టం

లాగిన్ తెర లేనంత మాత్రాన కంప్యూటరు అందరిదీ కాదు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోనికి ప్రవేశించినవారు నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. దురుద్దేశంతో చేసినప్పుడు 66వ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.