టెంక మొక్క, అంటు మొక్క

చిన్న రసం తిని, టెంకను పెరట్లో పాతితే ఏం మొలుస్తుంది? మామిడి మొక్కే మొలుస్తుంది. మరి ఆ చెట్టుకు చిన్న రసాలే కాస్తాయా? కాయవు. నూజివీడు ప్రాంతంలో మామిడి రైతును ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కాయ పుల్లగా ఉండొచ్చు. పీచు ఎక్కువ కావొచ్చు. ఎప్పుడో ఒకసారి తల్లికాయ కంటే బాగుండొచ్చు కూడా.

ఎందుకలా? మామిడి పూత మీద ఈగలు వాలతాయి. అవి ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టు పూవుకు అంటిస్తాయి. అప్పుడు పిందె కడుతుంది. పండు తల్లిచెట్టుదే. టెంకలోని పిల్ల మాత్రం ఇద్దరిదీ. తల్లి ఎవరో మనకు తెలుసు. తండ్రి ఏ తోటలో ఉందో ఎవరికి తెలుసు? ఒక తల్లి బిడ్డలు నలుగురూ నాలుగు రకాలుగా ఉంటారు గదా! ఇదీ అంతే. తల్లిదండ్రుల గుణాలను బిడ్డకు మోసుకొచ్చే వాటిని జన్యువులు అంటారు. అవి కంటికి కనబడవు. ఒక్కో టెంకలో ఒక్కో రకంగా కలుస్తాయి.

ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థవారు నీలం, దశేరి అనే రెండు రకాలను కలిపారు. మల్లిక, ఆమ్రపాలి వాటి పిల్లలే. కాని ఆమ్రపాలి పొట్టి చెట్టు. మల్లిక అంతకంటే పెద్దగా పెరుగుతుంది.

అంటు మొక్క సంగతి వేరు. టెంక మొక్క తల కోసి, మంచి చెట్టు పుల్లను దానికి అతికిస్తారు. కింద వేరు టెంక మొక్కది. పైన పెరిగేదంతా ఆ మంచి చెట్టుదే. జన్యువులు కొత్తగా కలిసే పనే లేదు. ఎక్కడో నంద్యాల జిల్లా బనగానపల్లె పేరున్న పండు మన తోటల్లోనూ కాస్తున్నదంటే అంటు చలవే. అయితే మొదటి బంగినపల్లి చెట్టు కూడా ఏదో టెంకలోంచి వచ్చిందే. ఎవరో తిని, బాగుందని అంటు కట్టారు. అందుకే టెంక చెట్టు కనబడగానే నరికేయమని నేను అనను.

ఇంకో సంగతి. ఒకే తల్లి అంట్లు రెండు తెచ్చి, ఒకటి మంచి నేలలో, ఒకటి రాతినేలలో వేయండి. ఒకటి ఏపుగా పెరుగుతుంది. రెండోది గిడసబారుతుంది. జన్యువులు మాత్రం రెండింటిలో ఒకటే. గిడసబారిన దాని పుల్లతో అంటు కట్టి మంచి నేలలో వేస్తే, అది మళ్లీ ఏపుగా వస్తుంది.

కాబట్టి నర్సరీలో ఏపు చూసి మొక్క కొనకండి. ఏ చెట్టు పుల్లతో కట్టారో అడగండి. వీలైతే కాపు రోజుల్లో ఆ చెట్టును చూడండి. నూజివీడులో మామిడి పరిశోధనా స్థానం ఉంది, అక్కడా అడగొచ్చు. నాలుగైదేళ్లు పెంచాక గాని కాయ కనబడదు. అప్పుడు తెలిస్తే ఏం లాభం?

నాటాక అతుకు కింద నుంచి చిగుళ్లు వస్తుంటాయి. అవి టెంక మొక్కవి. ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వదిలేస్తే అవే పైకి లేస్తాయి, అంటు చచ్చిపోతుంది. చివరికి తోటలో మిగిలేది టెంక చెట్టే.