రంపం బ్లేడు ఎంత లోతు దిగాలి?

చేత్తో పట్టుకుని నడిపే కరెంటు గుండ్రటి రంపంలో బ్లేడు లోతు అంటే, అడుగు ప్లేటు దాటి బ్లేడు ఎంత మేర కిందికి వస్తుందన్న కొలత. చెక్క పూర్తిగా తెగాలంటే బ్లేడు అవతలి పక్కకు రావాల్సిందే. ఎంత రావాలన్నదే ప్రశ్న. దీనికి నియమం ఒక్కటే: చెక్క కింద కనిపించేది పన్ను మాత్రమే, అదీ నిండు పన్ను కంటే తక్కువే. కొలతగా చెప్పాలంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు. మిషనుతో పాటు వచ్చే భద్రతా సూచనల పుస్తకంలోనూ ఈ పన్ను నియమమే ఉంటుంది. అయినా చాలాచోట్ల బ్లేడును పూర్తి లోతుకు దించి, 6 మి.మీ. ప్లైవుడ్‌నూ అంగుళమున్నర పలకనూ అదే అమరికతో కోసేస్తుంటారు.

స్వర్ణముఖి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న వాకాడు ప్రాంతానికి ఈ విషయం మరీ అవసరం. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో చేరిన ఈ తీర మండలంలో వడ్రంగి చేతికి వచ్చే కలప పలు రకాలు. వాకిళ్లకూ తలుపులకూ వేప, టేకు, అల్మారాలకు ప్లైవుడ్, పాత ఇళ్ల కప్పుల్లో తాటి దూలాలు, సెంట్రింగు పనికి సరుగుడు కర్రలు. మందం, గట్టిదనం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఏడాదంతా సముద్రపు తేమ గాలి. తేమ పట్టిన చెక్క ఉబ్బి, కోస్తూ ఉండగానే కోత సందును మూసేసి బ్లేడును నొక్కుతుంది. బ్లేడు ఎక్కువగా దిగి ఉంటే ఆ నొక్కుడు మరింత ప్రమాదం.

లోతు ఎక్కువైతే ఏమవుతుంది?

సాధారణంగా వాడే ఏడుంపావు అంగుళాల బ్లేడు వ్యాసం దాదాపు 185 మి.మీ. దీనితో 19 మి.మీ. ప్లైవుడ్ కోస్తున్నారనుకుందాం. లోతు 23 మి.మీ.కు పెడితే షీటు కింద 4 మి.మీ. మాత్రమే బయటికి వస్తుంది. పూర్తి లోతు 65 మి.మీ.కు దించితే 46 మి.మీ. బ్లేడు కింద వేలాడుతూ తిరుగుతుంది. షీటును కింద పట్టుకున్న చెయ్యి, ఆనించిన బల్ల, వెనకాల వేలాడే వైరు అన్నీ దాని దారిలోనే ఉంటాయి.

రెండో నష్టం కంటికి కనబడదు. లోతు సరిగ్గా ఉన్నప్పటితో పోలిస్తే, పూర్తిగా దించినప్పుడు కోత సందులో ఇరుక్కుని ఉండే బ్లేడు వైశాల్యం దాదాపు రెట్టింపు. రాపిడి పెరుగుతుంది, బ్లేడు వేడెక్కుతుంది, మోటారు మీద భారం పడుతుంది. ఆ స్థితిలో చెక్క బ్లేడును నొక్కితే మిషను ఒక్కసారిగా పైకి లేచి, నడుపుతున్న మనిషి వైపు తన్నుతుంది. ఈ రంపంతో జరిగే ప్రమాదాల్లో భయపడాల్సింది దీనికే. అందుకే షీటును రెండు చివర్ల మాత్రమే ఆనించి మధ్యలో కోయకూడదు. మధ్య కుంగి సందు మూసుకుంటుంది. కోత గీతకు ఇరువైపులా దగ్గర్లో ఆసరా ఉండాలి.

మూడోది కోత శుభ్రత. చేతి మిషనులో బ్లేడు ముందు భాగంలోని పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి. పన్ను పై పొరను చీల్చుకుని బయటికి వచ్చే చోటే పెచ్చులు లేస్తాయి. పైన చెప్పిన కొలతలతో లెక్క వేస్తే, లోతు 23 మి.మీ. ఉన్నప్పుడు పన్ను షీటు ఉపరితలానికి 41 డిగ్రీల వాలుతో బయటికి వస్తుంది. 65 మి.మీ. ఉన్నప్పుడు ఆ కోణం 73 డిగ్రీలు. అంటే పన్ను దాదాపు నిట్టనిలువుగా పై పొరను ఎత్తిపడేస్తుంది. లోతు తక్కువైన కొద్దీ పెచ్చులు తగ్గేది ఇందుకే. మైకా అంటించిన షీటు అయితే మంచి ముఖం కిందికి ఉండేలా పెట్టి కోయాలి.

అమర్చే పద్ధతి

మొదట ప్లగ్గు తీసేయాలి. బ్యాటరీ మిషను అయితే బ్యాటరీ తీయాలి. స్విచ్ ఆపితే చాలదు. తర్వాత కోయబోయే చెక్క అంచు మీద అడుగు ప్లేటును సమంగా ఆనించి, కింది గార్డును లివరుతో పైకెత్తి, బ్లేడు చెక్క పక్కన ఆనేలా పెట్టాలి. లోతు లివరు వదులు చేసి మిషను ఒంటిని పైకో కిందికో కదపాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. బ్లేడు అట్టడుగున పన్ను కాకుండా రెండు పళ్ల మధ్య ఖాళీ ఉంటే కొలత తప్పుతుంది. బ్లేడును చేత్తో కొంచెం తిప్పి, ఒక పన్ను సరిగ్గా అడుగుకు వచ్చాకే చూడాలి. ఆ పన్ను చెక్క అడుగు దాటి కొద్దిగా కనిపించగానే లివరు గట్టిగా బిగించి, జారడం లేదని నొక్కి చూసుకోవాలి. గార్డు వదలగానే దానంతటదే మూసుకోవాలి. చివరగా అదే మందం ఉన్న తుక్కు ముక్క మీద ఒక కోత కోసి చూడాలి.

మిషను మీద అచ్చేసిన కొలతలు దారి చూపడానికే. బ్లేడుకు సాన పట్టిన కొద్దీ వ్యాసం తగ్గుతుంది, ఆ అంకెలు తప్పుతాయి. అసలు కొలత ఎప్పుడూ చెక్క పక్కన పెట్టి చూసిందే.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

బ్లేడును 45 డిగ్రీలు వంచి కోస్తే చెక్కలో దాని దారి పొడవవుతుంది. 19 మి.మీ. షీటు అప్పుడు 27 మి.మీ. మందంతో సమానం. వంపు మార్చిన ప్రతిసారీ లోతు మళ్లీ చూడాలి.

మూడంగుళాల మందం ఉన్న వాకిలి కమ్మీ 76 మి.మీ. ఏడుంపావు అంగుళాల బ్లేడు ఒక్క దెబ్బకు అంత దిగదు. నాలుగు వైపులా గీత గీసి, ఒక పక్క సగానికి పైగా కోసి, తిప్పి రెండో పక్క కోయాలి.

గాడి కోసేటప్పుడు బ్లేడు బయటికే రాకూడదు. అల్మారా వెనక పలక కోసం 6 మి.మీ. లోతు గాడి కావాలంటే లోతు అంతకే పెట్టి, తుక్కు మీద కోసి స్కేలుతో కొలిచి, ఆ తర్వాతే అసలు పలక మీద పక్కపక్కనే కోతలు వేయాలి.

సరుగుడు కర్ర గుండ్రంగా ఉంటుంది. అడుగు ప్లేటు దాని మీద కుదురుగా ఆనదు, కర్ర దొర్లుతుంది. లోతు ఎంత సరిగ్గా పెట్టినా ప్రయోజనం ఉండదు కాబట్టి దీనికి చేతి రంపమే మేలు.

నాలుగు అంగుళాల మార్బుల్ కట్టరుకు చెక్క బ్లేడు బిగించి ప్లైవుడ్ కోయడం ఊరూరా కనిపిస్తుంది. చెక్క రంపం నిమిషానికి సుమారు 5,000 సార్లు తిరిగితే, ఆ కట్టరు 12,000 సార్లు తిరుగుతుంది. చెక్క రంపానికి ఉన్నట్టు దానంతటదే మూసుకునే కింది గార్డు దానికి ఉండదు. అంత వేగానికి తయారు కాని బ్లేడు పళ్లు ఊడి ఎగిరే ప్రమాదం కూడా ఉంది. రాయికి రాతి కట్టరు, చెక్కకు చెక్క రంపం వాడటమే సరైన పద్ధతి.

లోతు సరిచేసి బిగించడానికి నిమిషం కూడా పట్టదు. చెక్క మందం మారిన ప్రతిసారీ ఆ నిమిషం వెచ్చించండి. పనికి వచ్చిన కుర్రవాళ్లకు కోత నేర్పే ముందే ఈ అలవాటు నేర్పండి.