కయాక్ సరే... డ్యామ్‌లో నీళ్లెన్ని?

ఇన్‌స్టాలో గండికోట అని కొడితే చాలు, రీల్స్ వరసగా వచ్చి పడతాయి. ఎర్రటి బండల గోడ, అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న కుర్రాడు, వెనకాల ఏదో సినిమా బీజీఎం. దాదాపు అన్నీ పైనుంచి తీసినవే. నాకూ, మా ఫ్రెండ్స్ ముగ్గురికీ వచ్చిన ఐడియా వేరు. అదే గోడల్ని కింద నుంచి, నీళ్ల మీద కూర్చుని చూస్తే ఎలా ఉంటుంది? అంటే కయాక్‌లో.

మాది కాణిపాకం. మా ఊళ్లో నీళ్లంటే స్వామి వెలసిన బావి, గుడి కోనేరు, వానలొస్తే పారే బాహుదా. పడవ మా బతుకులో లేదు. నలుగురిలో ఇద్దరికే ఈతొచ్చు. అందుకే ట్రిప్పు రెండు రోజులే అయినా ప్లానింగ్‌కి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో తెలుసుకున్నవే ఇక్కడ చెబుతున్నా. మీ గ్యాంగ్‌లో కూడా ఎవరో ఒకరు ఇదే రీల్ షేర్ చేసే ఉంటారు.

ముందు మ్యాప్ చూడాలి. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ వెళ్లిన చోటు ఇది. ఆ కోతే గండి, దాని అంచున కట్టిందే కోట. లోయ లోతు సుమారు 300 అడుగులు. చాలామంది ఈ బండల్ని గ్రానైట్ అని రాసేస్తారు కానీ ఇది క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి మారిన రాయి. భూగర్భ శాస్త్రంలో దీని పేరే గండికోట క్వార్ట్‌జైట్. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. పొరలు పొరలుగా, ఇటుకలు పేర్చినట్టు కనిపించేది అందుకే. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ పగుళ్ల వల్లే అప్పుడప్పుడు రాళ్లు ఊడిపడే అవకాశమూ ఉంటుంది. కాబట్టి గోడ కింద నీడ బాగుందని కయాక్ ఆపి సెల్ఫీలు దిగే ప్లాన్ క్యాన్సిల్. వాన పడిన మర్నాడైతే అసలు దగ్గరికే వెళ్లం.

ఇక అసలు సంగతి, నీళ్లు. లోయలో కనిపించే నీళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. కోటకు ఎగువన గండికోట డ్యామ్ ఉంది, సామర్థ్యం 26.85 టీఎంసీలు. దిగువన మైలవరం డ్యామ్. కోట కింద నిలిచేది మైలవరం వెనక నీరు. అంటే మన కయాక్ తేలేది రెండు డ్యాముల మధ్య. మైలవరంలో నీళ్లు తగ్గితే లోయలో బండలు తేలతాయి, ఎగువన గేట్లెత్తితే నిలకడగా ఉన్న నీళ్లే ప్రవాహమైపోతాయి. రీల్‌లో ఉన్న నీలం రంగు మీరు వెళ్లిన రోజు ఉంటుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి క్యాంపు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు మొదట అడగాల్సింది రేటు కాదు. ‘మైలవరంలో నీళ్లెన్ని ఉన్నాయి, పైన గేట్లు మూసే ఉన్నాయా’ అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేని వాళ్లను మేం వదిలేశాం.

ఇంకో మాట. గండికోట డ్యామ్‌కు వచ్చే కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి గాలేరు-నగరి పథకం కాలువల్లో వస్తాయి. ఆ పేరులో ఉన్న నగరి మా చిత్తూరు జిల్లాదే. మా వైపు రావాల్సిన నీళ్లను చూడ్డానికి మేమే కడప జిల్లాకు పోతున్నామని మా వాడొకడు జోకేశాడు. ఆ డ్యామ్ నిండడానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి, జనం ఇళ్లొదిలి వెళ్లారు. అది మాత్రం జోకు కాదు.

సీజన్ అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో కడప ఎండకి ఆ బండలు పెనంలా కాలతాయి. టైమ్ ఉదయమే. మధ్యాహ్నమయ్యే కొద్దీ గాలి పెరుగుతుంది, లోయ గొట్టంలా పనిచేసి దాన్ని ఇంకా తోస్తుంది. కొత్తవాళ్లకి ఎదురుగాలిలో తెడ్డు వేయడం అంటే భుజాలు పోయినట్టే. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, తిరిగొచ్చేటప్పుడు గాలితో పాటు వచ్చేలా చూసుకుంటే సగం కష్టం తప్పుతుంది. ఈతరాని ఇద్దరూ ఈతొచ్చిన వాళ్లతో కలిసి డబుల్ కయాక్‌లోనే.

లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం మొహమాటం వద్దు. తొడుక్కుని, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని ఫ్రెండ్‌కు చెప్పండి. గడ్డం దాకా లేస్తే అది మీ సైజు కాదు. కయాక్ బోల్తా పడితే ఒడ్డుకు ఈదాలని చూడొద్దు, పడవనే పట్టుకుని ఉండండి. అది తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది కూడా. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు గుర్తుందిగా? వరదలో నడిపిన పాపికొండల ట్రిప్పు అది. ఆ తర్వాతే 2020లో రాష్ట్రంలో బోటింగ్ పాయింట్ల దగ్గర కంట్రోల్ రూమ్‌లు వచ్చాయి. కయాక్ చిన్నదే కావచ్చు, నది మాత్రం చిన్నది కాదు. పర్మిషన్ ఉందా, వెంట రెస్క్యూ బోటు వస్తుందా అని అడిగితే ఎవరైనా నొచ్చుకున్నారంటే అక్కడ దిగకపోవడమే మంచిది.

ఇంట్లో ఒప్పించడం అన్నిటికన్నా పెద్ద టాస్క్. మా అమ్మ అంతా విని ఒకటే అడిగింది: “యాడికన్నా పో నాయనా. నీళ్లలో ఉన్నంతసేపు ఆ జాకెట్టు యిప్పనని స్వామి ఎదురుగా చెప్పి పో.”

కాణిపాకంలో ప్రమాణం అంటే తెలుసుగా. కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు నిలబడి చెప్పిన మాట తప్పితే ఊరుకోడని మా వాళ్ల నమ్మకం. రాజకీయ నాయకులు ఒకరికొకరు ‘దమ్ముంటే కాణిపాకం రా’ అని సవాళ్లు విసురుకునేది ఇందుకే. వాళ్లొస్తారో లేదో గానీ, మేం నలుగురం పోయి చెప్పొచ్చాం. ఒకడు మాత్రం “ఫొటో కోసం రెండు నిమిషాలు యిప్పొచ్చా అని అడిగి చూద్దామా” అన్నాడు. వాడికే ఈతరాదు!

రూటు పూతలపట్టు, పీలేరు, రాయచోటి, కడప, జమ్మలమడుగు. 200 కిలోమీటర్లు దాటుతుంది, ఆగుతూ పోతే ఐదారు గంటలు. గువ్వలచెరువు ఘాట్ దగ్గర పాలకోవా తినకుండా పోతే అది ట్రిప్పే కాదు. కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం మొదటిరోజు సాయంత్రమే చూసేయాలి, తెల్లారితే నీళ్ల పని కదా. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి రూ.77 కోట్లకు పైగా మంజూరు చేసింది. కాబట్టి రద్దీ పెరగకముందే వెళ్లాలని మా తొందర.

బ్యాగులో ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ పౌచ్, టోపీ, తలా రెండు లీటర్ల నీళ్లు, జారని చెప్పులు, విజిల్. విజిల్ మా బడి పీఈటీ సార్ దగ్గర అడిగి తెచ్చాం. లోయలో సిగ్నల్ ఉన్నా లేకపోయినా అది పనిచేస్తుంది. క్యాంపు వాళ్లు శుక్రవారం రాత్రి నీటిమట్టం చెబుతామన్నారు. ఓకే అంటే శనివారం తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరతాం. కాదంటే కోట చూసి, కోవా తిని వచ్చేస్తాం.