రామగుండం స్టేషన్‌లో దిగిన వదంతి

బొగ్గుబావిలో పనిచేసే కార్మికుడు పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడు విన్న తర్వాతే ముందుకు అడుగువేస్తాడు. అదే మనిషి షిఫ్టు దిగి ఇంటికొచ్చాక సెల్‌ఫోన్‌లో వచ్చిన వార్తను మాత్రం తట్టి చూడకుండానే పదిమందికీ పంపేస్తాడు. ఎందుకని?

2020 మార్చి 14న ఢిల్లీ నుంచి వచ్చిన రైల్లో ఇండోనేషియా ధర్మప్రచారకుల బృందం ఒకటి రామగుండంలో దిగి కరీంనగర్ వెళ్ళింది. కొద్దిరోజుల్లోనే వారికి కరోనా సోకినట్లు తేలింది. ఇది నిజం, దాచవలసిన పనిలేదు. అధికారులు ఇంటింటికీ వెళ్ళి ఆరోగ్య సర్వే జరపడమూ అవసరమే. ఆ నెలాఖరుకు నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటపడింది. ఇక ఈ నిజం చుట్టూ అబద్ధాలు అల్లుకున్నాయి. ముస్లింలు కావాలనే జబ్బు అంటిస్తున్నారన్నారు. సాక్ష్యంగా వీడియోలు చూపారు.

పళ్ళేలు, చెంచాలు నాకుతున్న వీడియో గుర్తుందా? అది కరోనాకు ఎంతో ముందుది. మెతుకు కూడా వృథా పోకూడదని బోహ్రాలు పాటించే ఆచారమది. పండ్లకు ఉమ్మి రాస్తున్నాడన్న వ్యాపారి వీడియో మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో ఫిబ్రవరిలో తీసింది. అప్పటికి ఆ రాష్ట్రంలో ఒక్క కరోనా కేసు కూడా నమోదు కాలేదు. అయినా ఫలితం అనుభవించింది ఎవరు? దేశంలో ఎన్నోచోట్ల తోపుడుబండి మీద పండ్లు, కూరగాయలు అమ్ముకునే పేదలు. పేరడిగి బేరం మానుకున్నవారున్నారు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీయులపై కేసులు కొట్టివేసింది. వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. విదేశీయులకు ఆశ్రయమిచ్చారన్న 70 మంది భారతీయులపై ఛార్జిషీట్లను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసేసరికి 2025 జూలై 17 అయింది. అబద్ధం ఒక్కరోజులో తిరిగిన దూరానికి న్యాయం అయిదేళ్ళు నడిచింది!

మనవైపు తప్పులేదా? చెప్పుకోవడానికి చేదుగానే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న ఇండోర్‌లో ముస్లింలు నివసించే ఒక బస్తీలో, వదంతులు నమ్మినవారు పరీక్షలకు వచ్చిన ఆరోగ్య సిబ్బందిపై రాళ్ళు రువ్వారు. అంతకుముందు 2018 మేలో, అదీ రంజాన్ నెలలో, హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే ముందు విచారించమన్న హుజురాత్ సూరా ఆదేశం జుమా ప్రసంగాల్లో మనం విననిదా?

ఆ హత్యల తర్వాత, 2018 జూలైలో, వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అది కొంత నయం. అయితే అంతకన్నా ముందే జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను పంపారు. ఆ పోలీసులు ఇల్లిల్లూ తిరిగి, రచ్చబండల దగ్గర కూర్చుని, జానపద పాటలు కట్టి పాడి, పిల్లల దొంగల వీడియోలు బూటకమని జనానికి విడమర్చి చెప్పారు. ఇతర చోట్ల ప్రాణాలు పోయిన ఆ రోజుల్లో గద్వాల పల్లెల్లో ఎవరూ చావలేదు.