చూస్తూ ఊరుకోవడం కాదు

ప్రొస్టేటుకు మనవాళ్ళు పౌరుషగ్రంథి అని పేరు పెట్టారు. పెట్టిన మహానుభావుడెవరోగాని పేరుతోనే మగవాళ్ళ నోరు మూయించాడు! అరవై దాటిన పెద్దమనిషి తన మోకాళ్ళ నొప్పి గురించి గంటసేపు చెబుతాడు. దీని మాట మాత్రం ఎత్తడు.

మా బావగారికి అందులో కాన్సరు మొదటి దశలో ఉన్నదని తేలింది. డాక్టరుగారు కత్తి పట్టలేదు సరిగదా, "ఇది మందకొడి రకం. ఆరునెలలకోసారి రక్తంలో పి.ఎస్.ఎ. చూద్దాం. అవసరమైతే మళ్ళీ ముక్కతీసి పరీక్షిద్దాం. ఈలోగా బాగా నడవండి" అన్నారు. అక్కయ్య హడలిపోయింది. "ఒంట్లో పామును పెట్టుకొని షికార్లేమిట్రా?" అంటూ ఆయనను మంచం దిగనివ్వలేదు. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదవడం తప్ప మరో విద్య ఎరగనివాణ్ణి గనుక అదే మొదలుపెట్టాను.

బ్రిటనులో 1,643 మందిని మూడు జట్లు చేసి కొందరికి ఆపరేషను, కొందరికి రేడియేషను చేసి, తక్కినవారిని గమనిస్తూ వచ్చారు. పదిహేనేళ్ళ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఏ జట్టులో చూసినా ఈ జబ్బుతో పోయినవారు నూటికి ఇంచుమించు ముగ్గురే. అయితే, గమనించిన జట్టులో జబ్బు బయటికి పాకినవారు తక్కిన జట్లకంటె దాదాపు రెట్టింపు. అంచేత పరీక్షలకు ఎగనామం పెట్టడానికి వీల్లేదు.

ఇక వ్యాయామం. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంవారు ఇలా గమనింపులో ఉన్న 52 మందిని తీసుకొని, సగంమందిచేత పన్నెండు వారాలపాటు, వారానికి మూడేసిసార్లు ట్రెడ్‌మిల్లు మీద కసరత్తు చేయించారు. రెండు నిమిషాలు రొప్పు వచ్చేలా, రెండు నిమిషాలు నెమ్మదిగా. ఇలా అయిదు మొదలు ఎనిమిది విడతలు. వారికి దమ్ము పెరిగింది, పి.ఎస్.ఎ. కొంత తగ్గిందని 2021లో ప్రకటించారు. 52 మంది ఏ మూలకు? కసరత్తుతో కాన్సరు మాయమవుతుందని వారూ అనలేదు. కాని ఈ దశలో ఉన్నవారిని తరచు తీసుకుపోయేది కాన్సరు కాదు, గుండెజబ్బు. ఆ మాట చెప్పాకనే అక్కయ్య మెత్తబడింది.

గుండె పరీక్ష చేయించుకొని బావగారు బయలుదేరారు. ఒక కరెంటు స్తంభం నుంచి మరోదాకా చరచరా, ఆ తర్వాతిదాకా తాపీగా. వెంట నేను. రొప్పేది నేనే! సాయంత్రం పాత సైకిలు తొక్కుతారు. పి.ఎస్.ఎ. పరీక్షకు ముందు రెండు రోజులు మాత్రం సైకిలూ, కఠినమైన కసరత్తూ కూడదు. అంకె ఉత్తపుణ్యానికి పైకి పోవచ్చు. ఆ రెండు రోజులూ సైకిలు తాళంచెవి అక్కయ్య కొంగుముడిలో ఉంటుంది.